ఫ్రిస్కోలో గరిక కోసిన నాన్న

శనివారం పొద్దున్నే మా వీధికి అలారం అక్కర్లేదు. ఎదురింట్లో పెట్రోల్ మోవర్ బర్రుమని స్టార్ట్ అవుతుంది. దానికి జవాబుగా పక్క వీధిలో ఇంకోటి. పది దాటేసరికి గాలంతా కోసిన పచ్చిగడ్డి వాసనే.

ఊరి పేరు ఫ్రిస్కో, టెక్సాస్. డాలస్‌కి ఉత్తరాన ఉంటుంది. ఒక రైల్వే కంపెనీ ముద్దుపేరే ఊరి పేరైంది. ఇప్పుడు కార్లతో కిక్కిరిసే ప్రెస్టన్ రోడ్డు ఒకప్పుడు పశువుల మందల్ని తోలుకెళ్లిన దారి. 1990లో ఇక్కడి జనాభా 6 వేల చిల్లర. 2020 నాటికి 2 లక్షలు! అందులో మనవాళ్లు ఎంతమందో తెలియాలంటే శనివారం సాయంత్రం కార్యసిద్ధి హనుమాన్ గుడి పార్కింగ్‌లో ఖాళీ కోసం తిరిగి చూడండి.

నేను ఇక్కడ కోడ్ రాసుకుని బతుకుతున్నాను. అద్దె ఇల్లు. అగ్రిమెంట్ చివర్లో ఒక లైను ఉంది, చదవకుండానే సంతకం పెట్టేశాను: పెరడు సంగతి అద్దెకున్నవాళ్లే చూసుకోవాలి. మే నెలలో ఓనర్ ఒక ఫొటో పంపాడు. కాలనీ అసోసియేషన్ వాళ్ల లెటర్. గడ్డి పెరిగిపోయింది, పది రోజుల్లో కోయించకపోతే ఫైన్.

సరిగ్గా అప్పుడే నాన్న వచ్చాడు.

అమ్మ పోయాక ఊళ్లో ఒక్కడే ఉంటున్నాడని నేనే బలవంతంగా పిలిపించాను. మాది గుంటూరు వైపు పల్లె. నలభై ఏళ్లు పత్తి, మిరప చేసిన మనిషి. ఇక్కడ కారు నడపలేడు, నడిచి వెళ్లడానికి టీ కొట్టు లేదు. నేను మీటింగుల్లో ఉంటే ఆయన కిటికీ దగ్గర. మూడో వారంలో మెల్లగా అడిగాడు, "టికెట్ ముందుకి జరపడం కుదురుతుందేమో చూడరా" అని. ఆరు నెలలకని వచ్చిన మనిషి.

పెరట్లోకి దిగిన రోజు మాత్రం గట్టిగా నవ్వాడు. వంగి ఒక పోగు పీకి, కణుపు చూసి, "ఒరేయ్, ఇది గరిక కదరా!" అన్నాడు. నేను నమ్మలేదు. ఫోన్‌లో వెతికాను. ఇక్కడ బెర్ముడా గ్రాస్ అని డబ్బులు పోసి పరిచేది, మన చేలల్లో గరిక, రెండింటి శాస్త్రీయ నామం ఒకటే: సైనోడాన్ డాక్టిలాన్. పెరళ్లలో పరిచేవాటిలో చాలావరకు దీన్నుంచి తీసిన సంకర రకాలు. "జీవితమంతా దీన్ని తవ్విపోశాను. ఇక్కడ నీళ్లు పెట్టి పెంచుతున్నారా!" అని తల పట్టుకున్నాడు.

నేల కూడా అంతే. ఉత్తర టెక్సాస్‌ది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. నేల కుంగి గోడలు పగలకుండా ఎండాకాలంలో ఇంటి చుట్టూ రంధ్రాల పైపు వేసి పునాదికి నీళ్లు పెడతారు. అది చూసి నాన్న, "చేలకి పెట్టడం తెలుసు గానీ, ఇంటికి నీళ్లు పెట్టడం ఇక్కడే చూశాను" అన్నాడు.

పక్కింటాయన పెట్రోల్ మోవర్ అరువిచ్చాడు. నేను కాల్‌లో ఉండగా నాన్న దాన్ని బయటికి తీశాడు. దాని తాడు గట్టిగా లాగితేనే ఇంజిన్ అందుకుంటుంది. నాన్న కుడి భుజం పాత దెబ్బ, చెయ్యి పూర్తిగా వెనక్కి రాదు. కిటికీలోంచి చూశాను. ఒకసారి లాగాడు. రెండోసారి. మూడోసారి లాగి, తాడు వదిలేసి, మెట్ల మీద కూర్చున్నాడు. నేను బయటికి వెళ్తే, "మిషన్ బాలేదురా" అన్నాడు. మిషన్ బాగానే ఉంది. ఆ మాట మా ఇద్దరికీ తెలుసు.

ఆ రాత్రే బ్యాటరీ మోవర్ కొనాలని డిసైడయ్యాను. మనిషిని పెట్టి కోయిద్దామంటే వారానికి 45 డాలర్లు అడిగారు. మార్చి చివర నుంచి అక్టోబర్ దాకా గడ్డి పెరుగుతూనే ఉంటుంది, లెక్కేసుకోండి. అయినా అసలు కారణం డబ్బు కాదు. ఆ పని కూడా బయటివాళ్లకి ఇచ్చేస్తే నాన్నకి మళ్లీ కిటికీయే మిగులుతుంది.

ఇంజినీర్ని కదా, షీట్ ఓపెన్ చేశాను. మీలో ఎవరికైనా పనికొస్తుందని నేను నేర్చుకున్నది చెప్తాను.

డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే వోల్టుల్ని చూసి పడిపోకండి. అది బ్యాటరీ నిండుగా ఉన్నప్పటి అంకె. 40 అని రాసి ఉంటే వాడకంలో 36 కింద లెక్క. వోల్టుల్ని యాంపియర్-అవర్లతో గుణిస్తే వచ్చే వాట్-అవర్లే అసలు పెట్రోల్ ట్యాంకు. 36ని 4తో గుణిస్తే 144. మోటారు సగటున 500 వాట్లు లాగుతుందనుకుంటే 17 నిమిషాలు. అదే 56 వోల్టులది, 5 యాంపియర్-అవర్లదైతే దాదాపు 250 వాట్-అవర్లు, అరగంట. మా గడ్డి ముందూ వెనకా కలిపి 2,500 చదరపు అడుగులు, పాతిక నిమిషాల పని. గడ్డి ఒత్తుగా ఉన్నా, తడిగా ఉన్నా బ్యాటరీ ఇంకా త్వరగా అయిపోతుంది. కాబట్టి కొంచెం మిగులు ఉండాలి.

మోటారు బ్రష్‌లెస్ అయి ఉండాలి. అందులో అరిగిపోయే కార్బన్ బ్రష్‌లు ఉండవు. బ్యాటరీ ధర విడిగా చూడండి. కొన్నేళ్లకి మార్చాల్సి వస్తే మోవర్ ధరలో పెద్ద వాటా దానిదే. దాన్ని గరాజ్‌లో వదిలేయకండి. టెక్సాస్ జులైలో గరాజ్ పొయ్యిలా ఉంటుంది, లిథియం బ్యాటరీకి ఆ వేడి పడదు. మేం ఇంట్లోకి తెచ్చి, చల్లారాకే ఛార్జింగ్ పెడతాం.

షీట్‌లో నేను ఎక్కువ మార్కులు వేసింది తనంతట తానే నడిచే సెల్ఫ్-ప్రొపెల్డ్ మోడల్‌కి. భుజం నొప్పి కదా అని. షాపుకి నాన్నని తీసుకెళ్లాను. ఆయన స్పెసిఫికేషన్ల బోర్డు వైపు చూడనేలేదు. ఒక్కోదాన్నీ రెండడుగులు తోసి, వెనక్కి లాగి, మలుపు తిప్పి చూశాడు. నా మోడల్ దగ్గర ఆగి, "ఇది బరువెక్కువ, మలుపులో చెయ్యి లాగుతోంది. నడిపించేది నేనా, అదా?" అన్నాడు. పక్కనున్న మామూలు తోపుడు మోడల్ ఎంచాడు. ఇరవై అంగుళాల కోత, ఒకే లివర్‌తో నాలుగు చక్రాల ఎత్తు మారుతుంది. బటన్ నొక్కి హ్యాండిల్ బార్ పడితే స్టార్ట్. బార్ వదిలితే మూడు సెకన్లలో బ్లేడు ఆగాలి, అమెరికాలో 1982 నుంచి ఉన్న రూల్ అది. నా షీట్ ఓడిపోయింది, నాన్న చెయ్యి గెలిచింది.

బెర్ముడా గడ్డిని ఒకటి నుంచి రెండు అంగుళాల ఎత్తులో ఉంచుతారు. ఒక్కసారి మూడోవంతు కంటే ఎక్కువ కోయకూడదు. మాది బాగా పెరిగిపోయింది కాబట్టి మొదట ఎత్తు పెంచి, మూడు విడతల్లో దించాం. జూన్‌లో ఇక్కడ ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది, ఏడు దాటాక మొదలుపెట్టేవాళ్లం. మొదటి వరస నన్ను తోయనివ్వలేదు. "మొదటి సాలు వంకరైతే అన్నీ వంకరే" అని గుంటక తోలినట్టు కంచె వెంట తిన్నగా నడిచాడు.

బ్యాటరీ మోవర్ గురించి ఏ రివ్యూలోనూ నాకు కనబడని సంగతి ఒకటుంది. దాని పక్కన నడుస్తూ కొంచెం గొంతు పెంచితే మాట్లాడుకోవచ్చు. మీ అమ్మకి గరిక అంటే ఎంత కోపమో, మిరప చేలో ఎలా తిట్టుకుంటూ తవ్వేదో నాన్న చెప్పింది అలా నడుస్తూనే. అమ్మ పోయాక ఆమె గురించి ఆయన తనంతట తాను మాట్లాడటం అదే మొదటిసారి. నేను మధ్యలో ఒక్క మాట కూడా అడగలేదు. చివరి వరసకి బ్యాటరీలో ఒక్క గీతే మిగిలింది.

టికెట్ సంగతి నాన్న మళ్లీ ఎత్తలేదు. ఆగస్టులో కంచె మూల ఒక జానెడు జాగా కోయకుండా వదిలేశాడు. అసోసియేషన్ వాళ్లకి కనబడితే లెటర్ వస్తుందన్నాను. "వినాయకుడికిరా. మిగతా పత్రి ఎక్కడ దొరుకుతుందో నువ్వు చూసుకో, గరిక మాత్రం నాది" అన్నాడు.

నవంబర్‌లో వెళ్లిపోయాడు. ఈ ఏడు మొదటి కోత నాది. వీడియో కాల్‌లో పెరడు చూపిస్తే ఎలా ఉన్నావని కూడా అడగకుండా, "రెండో వరస వంకరొచ్చింది చూడు" అన్నాడు. వచ్చే మేలో ఆయనే వచ్చి సరిచేస్తాడట. టికెట్ ఆయనే తీయమన్నాడు.