క్యూ పొడుగు చూసి...

హాల్లోంచి బయటికొచ్చే కుర్రాణ్ణి ఆపి, "బాబూ, బొమ్మ ఎలా ఉంది?" అని అడిగి చూడండి. "బాగుంది" అనో "బాగాలేదు" అనో చెప్పాలి న్యాయంగా. కానీ చాలామంది ఏమంటారో తెలుసా? "జనం విరగబడి చూస్తున్నారండీ!" అంటారు. మనం అడిగింది బొమ్మ సంగతి, అతగాడు చెప్పింది జనం సంగతి!

నవ్వకండి. ఒకప్పుడు నేనూ సరిగ్గా ఇలాంటి జవాబే చెప్పాను. దాని ఖరీదు మా అక్క మెళ్ళో గొలుసు.

అది 1982. నేను ఇంటర్ రెండో సంవత్సరం. మా ఊళ్ళో రెండు సినిమా హాళ్ళు. మా బావకి బస్టాండు దగ్గర చిన్న సైకిలు షాపు. ఓ పేరున్న హీరోగారి కొత్త సినిమా మా ఊళ్ళో విడుదలైంది. మొదటిరోజు మార్నింగ్ షోకి నేల టిక్కెట్ల క్యూ హాలు గేటు దాటి, కిళ్ళీకొట్టు దాటి, కూరల మార్కెట్ దాకా పాకింది. లోపల ఈలలు, ఎగిరే కాగితాలు. బొమ్మ ఎలా ఉందో నాకు తెలిస్తే ఒట్టు! గోలలో ఒక్క డైలాగూ వినపడలేదు.

ఆ సాయంత్రమే హాలు మేనేజరు బావకి కబురు పెట్టాడు. సైకిల్ స్టాండు వంద రోజులకి పాడుకుంటే రెండు వేలట, డబ్బు ముందే కట్టాలిట. బావ గుంజాటన పడుతుంటే, అన్నం తింటూ నేనే లాయరు వేషం కట్టాను.

"ఇదే హీరో, ఇదే డైరెక్టరు, ఇదే సంగీతం. పోయిన సినిమా మన ఊళ్ళో వంద రోజులు ఆడిందా లేదా? మరి ఇదీ ఆడాల్సిందేగా! ఊరంతా అదే మాట. ఇంకా ఆలోచిస్తావేం బావా, తీసుకో!"

అక్క ఏమీ మాట్లాడలేదు. మర్నాడు గొలుసు తాకట్టు కొట్టుకెళ్ళింది.

పదిహేనో రోజున బొమ్మ ఎత్తేశారు. ఆ తర్వాత వేసిన పాత సినిమాలకి స్టాండులో నిలబడ్డ సైకిళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. బావ నన్ను ఒక్క మాటా అనలేదు. ఓ రాత్రి మాత్రం స్టాండు చీట్లు సర్దుకుంటూ అడిగాడు.

"ఒరేయ్, ఊరంతా అదే మాట అన్నావే, ఊరంతా అంటే ఎవరెవర్రా? పేర్లు చెప్పు."

ఆలోచించాను. తేలింది నలుగురు. ఆ నలుగురూ నా క్లాసువాళ్ళే! అందులో ఇద్దరు అసలు సినిమా చూడనే లేదు.

అసలు రహస్యం తర్వాత గేటుకీపరు విప్పాడు. నేల టిక్కెట్లకి కిటికీలు రెండున్నా, మొదటిరోజు ఒకటి కావాలనే మూసేశారట. అంటే క్యూ పెరగడానికి కారణం హీరోగారు కాదు, మూసిన కిటికీ! ఆ క్యూని చూసి దారినపోయేవాళ్ళు చేరారు, వాళ్ళని చూసి మరికొందరు. మరి పోయిన సినిమా వంద రోజులు ఎలా ఆడిందంటారా? ఆ మూడు నెలలూ రెండో హాలు రిపేర్లతో మూతపడి ఉంది. ఊరికి వేరే గతి లేదు. నేను హీరోని చూశాను, డైరెక్టర్ని చూశాను గాని, ఆ తాళం వేసిన హాలు నా కంటికి ఆనలేదు.

మన పెద్దలు దీనికి కాకతాళీయం అని ఏనాడో పేరు పెట్టారు. కాకి వాలింది, తాటిపండు పడింది. ముందు వాలింది కనక కాకే పడగొట్టిందని తీర్పు చెప్పేస్తాం. అది వాలినా పడని పండ్లెన్నో లెక్కపెట్టం. అదే హీరో, అదే డైరెక్టరు కలిసినా బోర్లాపడ్డ సినిమాలు నాకు ఆ రోజున గుర్తురానట్టే!

రెండో జబ్బు గొర్రెదాటు. ఇది మన ఊరి గొర్రెలకే పరిమితం అనుకోకండి. స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, తన సహచరులతో కలిసి న్యూయార్కులో ఓ తమాషా పరీక్ష చేసి 1969లో ప్రకటించాడు. రద్దీగా ఉన్న వీధిలో ఒక మనిషిని నిలబెట్టి, ఎదురు మేడ ఆరో అంతస్తు కిటికీకేసి చూడమన్నాడు. దారినపోయేవాళ్ళలో నూటికి నలుగురు ఆగారు. పదిహేనుమందిని నిలబెట్టి చూడమంటే నూటికి నలభైమంది ఆగిపోయారు! ఆ కిటికీలో చూడ్డానికి ఏ వింతా లేదు మరి.

ఈలల సంగతీ అంతే. 19వ శతాబ్దంలో పారిస్ నాటకశాలల్లో చప్పట్లు కొట్టడానికి, నవ్వడానికి, కళ్ళు తుడుచుకోవడానికి కూడా కూలికి మనుషులు ఉండేవారు. మా హాల్లో ఈలలేసిన కుర్రాళ్ళకి దక్కింది మాత్రం ఉత్త ఫ్రీ పాసులే!

అలాగని జనం మాట ఎప్పుడూ అబద్ధమే అంటే కళ్ళు పోతాయ్. 1975లో 'షోలే' వచ్చిన కొత్తల్లో సినిమా పోయిందని వ్యాపారులే పెదవి విరిచారు. చూసినవాళ్ళు వెళ్ళి చూడనివాళ్ళకి చెప్పారు. బొంబాయి మినర్వా థియేటర్లో అది ఐదేళ్ళకి పైగా ఆడింది. 1980 ఫిబ్రవరిలో మన 'శంకరాభరణం' విడుదలైనప్పుడూ హాళ్ళు పలచగానే ఉన్నాయి. పేరున్న హీరో లేడు, ఉన్నదంతా శాస్త్రీయ సంగీతం. నా లాయరు తర్కం ప్రకారం అది ఆడనే కూడదు! కానీ చూసినవాళ్ళు ఊరుకోలేదు. వాళ్ళ నోటిమాటే ఆ చిత్రాన్ని నిలబెట్టింది.

మరి ఆ జనానికీ, మా ఊరి క్యూకీ తేడా ఏమిటి? అక్కడ నోటిమాట మొదలెట్టినవాడు తను చూసి, తనకి నచ్చి చెప్పాడు. ఇక్కడ మేం ఒకరి వీపు చూసి ఒకరం నిలబడ్డాం. వెయ్యిమంది విడివిడిగా చూసి చెబితే అవి వెయ్యి సాక్ష్యాలు. ఒకడు అన్నదాన్ని వెయ్యిమంది తిరగేసి చెబితే సాక్ష్యం ఒక్కటే.

ఈ రోజుల్లో మా సైకిల్ స్టాండు లేదు, నేల టిక్కెట్టూ లేదు. గొర్రెదాటు మాత్రం సెల్‌ఫోనెక్కి హాయిగా ఉంది. మొదటి ఆట ఇంటర్వెల్ కాకముందే "బ్లాక్‌బస్టర్" అంటూ ఫోను మోగుతుంది. సినిమా టిక్కెట్టు పోతే పోనీయండి, ఓ పూట కాఫీలు మానేస్తే సరి. కానీ ఫలానా కోచింగులో అందరూ చేరుతున్నారు, ఫలానా స్కీములో వీధి వీధంతా డబ్బు కడుతోంది అన్నప్పుడు మాత్రం ఒక్క నిమిషం ఆగండి. "అందరూ అంటే ఎవరెవరు? వాళ్ళు చూసి చెబుతున్నారా, విని చెబుతున్నారా? ఏ కిటికీ అయినా మూసి ఉందా?" అని అడగండి.

గొలుసు విడిపించడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ వేసవంతా నేను బావ షాపులో పంక్చర్లు వేశాను. గొలుసు ఇంటికొచ్చిన రోజు అక్క సంబరంగా, "ఫస్ట్ షోకి వెళ్దామా?" అంది.

"బొమ్మ ఎలా ఉందిట్రా?" అన్నాడు బావ.

"చూడలేదు బావా, తెలీదు" అన్నాను.

బావ నావంక చూసి మొదటిసారి పెద్దగా నవ్వాడు. "ఇప్పుడు పనికొస్తావురా!" అన్నాడు.