మాత్రను మెల్లగా వదిలిన నెలలు

దేవరకొండ ప్రాంతంలోని ఒక మదరసాలో ఖుర్ఆన్ బోధిస్తూ మాకు ఇరవై ఏళ్లు దాటాయి. మూడేళ్ల క్రితం ఒక చలికాలంలో నిద్ర మాకు దూరమైంది. పాఠం మధ్యలో ఆగిపోయేవారము. అన్నం సహించేది కాదు. కారణం లేకుండానే కన్నీళ్లు వచ్చేవి. నమాజు, దుఆ మానలేదు. అయినా గుండె బరువు దిగలేదు. చివరకు మా శ్రీమతి పట్టుబట్టి నల్లగొండకు తీసుకువెళ్లింది. మానసిక వైద్యుడు ఇది కుంగుబాటు అని చెప్పి, ఎస్సిటాలోప్రామ్ మాత్ర రాశారు.

మొదట్లో కడుపులో వికారం, నోరు ఎండిపోవడం బాధించాయి. భోజనం తరువాత వేసుకుంటే కొంత నయమనీ, గుణం కనబడడానికి కొన్ని వారాలు పడుతుందనీ వైద్యుడు ముందే చెప్పారు. అలాగే జరిగింది. ఎనిమిదవ నెలలో ఒక మిత్రుడు, "మౌలానా, ఇంకా గోళీలేనా? మీ తవక్కుల్ ఏమైంది?" అన్నారు. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఇంట్లో చెప్పకుండా మాత్రలు ఒక్కసారిగా ఆపివేశాము.

మూడవ నాటికి తల తిరగసాగింది. సజ్దా నుండి లేస్తుంటే తలలో కరెంటు షాకు కొట్టినట్లుండేది. రాత్రి పీడకలలు, పగలు చిరాకు. ఏ తప్పూ లేని ఒక పిల్లవాణ్ణి గద్దించాము. వాడు బిక్కమొహంతో సిపారా మూసి కూర్చున్నాడు.

వైద్యుడు మందలించలేదు. "ఇది వ్యసనం కాదు, ఈమాన్ లోపమూ కాదు. మందుకు అలవాటుపడిన మెదడు హఠాత్తుగా అది అందక తడబడుతోంది. జబ్బు తిరగబెడితే సాధారణంగా మెల్లగా కమ్ముకుంటుంది. ఇది ఆపిన రోజుల్లోనే వచ్చింది" అని వివరించారు. మాత్ర మళ్లీ మొదలైంది. కుదుటపడ్డాక 10 మిల్లీగ్రాముల నుండి 7.5కు, 5కు, 2.5కు నెలల తరబడి దిగాము. చివరి మెట్లే కష్టం కనుక అక్కడ ఎక్కువ కాలం ఆగాము. రమజాన్‌లో ఆయన అనుమతితో మాత్రను ఇఫ్తార్ తరువాతకు మార్చుకున్నాము. మా శ్రీమతి ఒక నోటుపుస్తకంలో తేదీ, మోతాదు, నిద్ర రాసి ఉంచేది. వైద్యుడు దాన్ని చూసే తదుపరి మెట్టు నిర్ణయించేవారు.

చికిత్స చేయించుకోమన్నది దైవప్రవక్త (సఅసం) బోధనే. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ, కారణం తెలిసిన దుఃఖాన్నీ తెలియని దుఃఖాన్నీ వేరుచేసి, రెండవదాని మూలం శరీరంలో ఉందని రాశారు. పిల్లలకు తవక్కుల్ గురించి ఎన్నోసార్లు చెప్పిన మేము, మందూ అల్లాహ్ కల్పించిన సాధనమేనని ఈ వయసులో నేర్చుకున్నాము.

సోదర సోదరీమణులారా! మా మోతాదు మీకు కొలత కాదు. మాత్రను మొదలుపెట్టడమైనా, తగ్గించడమైనా వైద్యుని సలహాతోనే జరగాలి. బ్రతుకు వద్దనిపించిన క్షణంలో ఒంటరిగా ఉండకండి. ఇంటివారికి చెప్పండి. ప్రభుత్వ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి.

ఆ పిల్లవాణ్ణి దగ్గరకు పిలిచి క్షమాపణ కోరాము. వాడు నవ్వి, ఆనాడు మూసిన సిపారాను తెరిచాడు.

అల్లాహ్ రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.