బండికి పెట్టిన కొమ్ములు



గత రెండు ఆదివారాలుగా చాలామంది మమ్మల్ని ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. "అయ్యగారూ, బండి ముందున్న గార్డు ఏమైంది?" మందిరం పక్కన వేపచెట్టు కింద ఆ ఇనుప గార్డు పడి ఉంది. పిల్లలు దాని మీద గుర్రమెక్కినట్టు ఎక్కి ఆడుకుంటున్నారు. దాని కోసం కానుక ఇచ్చినవాళ్లు మీలో ఉన్నారు కాబట్టి మీకు లెక్క చెప్పవలసినవాళ్లం. అయితే ఇది డబ్బు లెక్క మాత్రమే కాదు, మా తప్పు ఒప్పుకోవడం కూడా. ఓపికగా చదవండి.

మన సంఘం పికప్ బండి సంగతి మీకు తెలిసిందే. సౌండ్ సెట్టు, పట్టాలు, కూటములకు బియ్యం బస్తాలు అన్నీ దాంట్లోనే వెళ్తాయి. పోయిన క్రిస్మస్ రోజుల్లో గృహకూటం ముగించుకుని రాత్రి పదిన్నరకు తిరిగి వస్తుంటే, కందిచేలో నుంచి అడవిపంది ఒకటి అడ్డం దూకింది. ఒక హెడ్‌లైటు పగిలింది, ముందు గ్రిల్ లోపలికి పోయింది. పాస్టరమ్మ, మేము, మాతో ఉన్న తమ్ముడు, ఎవరికీ దెబ్బ తగలలేదు. దేవునికి స్తోత్రము. కానీ మనసులో భయం మిగిలిపోయింది. యౌవనస్థులు, "అయ్యగారూ, ముందు ఒక బుల్ బార్ వేయిద్దాం, పైన రెండు ఎక్స్‌ట్రా లైట్లు పెడదాం, ఇక ఏదొచ్చినా భయం లేదు" అన్నారు. ఒక చెల్లెమ్మ మేకపిల్లను అమ్మిన డబ్బులో నుంచి ఐదువందలు తెచ్చి ఇచ్చింది. మొత్తం పద్నాలుగు వేలు పోగయ్యాయి.

పట్నంలో ఒక షాపులో బిగించారు. ఇద్దరు కుర్రాళ్లు మోయాల్సినంత బరువున్న ఇనుప పైపుల గార్డు అది. బంపరుకు కాదు, దాని వెనకున్న ఛాసిస్‌కే నాలుగు పెద్ద బోల్టులతో పట్టించారు. దాని పైపు మీద 55 వాట్ల లైట్లు రెండు పెట్టారు. కుర్రవాడు తొందరలో బ్యాటరీ నుంచి వైరును నేరుగా స్విచ్చికి, స్విచ్చి నుంచి లైట్లకు లాగేశాడు. మూడో రోజు రాత్రి డ్యాష్‌బోర్డులో కాలుతున్న వాసన వచ్చింది. స్విచ్చి ముట్టుకుంటే చెయ్యి కాలింది.

మన ఊరి ఎలక్ట్రీషియన్ తమ్ముడు చూసి నవ్వాడు. "ఇవి రెండూ కలిపి 110 వాట్లు అయ్యగారూ. 12 వోల్టుల బ్యాటరీ మీద తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతాయి. అంత కరెంటు ఇంత చిన్న స్విచ్చిలోంచి పోతే కాలదా?" అన్నాడు. బ్యాటరీ పక్కనే ఒక ఫ్యూజు పెట్టి, అక్కడి నుంచి రిలే ద్వారా లైట్లకు లావు వైరు లాగాడు. ఇప్పుడు స్విచ్చి చేసేదల్లా కొంచెం కరెంటుతో రిలేను లేపడమే, బరువంతా రిలే మోస్తుంది. ఎక్కడైనా వైరు తెగి ఛాసిస్‌కు తగిలితే ముందు ఫ్యూజు పోతుంది, బండి అంటుకోదు. ఇంత చిన్న సంగతి తెలియకుండానే మేము మూడు రాత్రులు ఆ బండిలో తిరిగాము.

ఆ ఆదివారం బండి ముందు నిలబడి ప్రార్థన చేసి ప్రతిష్ఠించాము. నిజం చెప్పాలంటే అప్పుడు మా మనసులో కృతజ్ఞత కంటే గర్వమే ఎక్కువ ఉంది. రోడ్డు మీద ఎదుటి బండ్లు పక్కకు తప్పుకుంటుంటే అదొక గౌరవంలా అనిపించింది.

ఇక ఆ రాత్రి సంగతి. ఉపవాస ప్రార్థన ముగించుకుని వస్తున్నాము. చెరువు కట్ట దాటిన తర్వాత రోడ్డు సన్నం, పైగా చీకటి. రెండు లైట్లూ వేసే ఉన్నాయి. ఎదురుగా ఒక చిన్న వెలుగు వచ్చింది. డిప్పర్ వేయాలి, ఎక్స్‌ట్రా లైట్లు ఆపాలి. పంది వస్తుందేమోనన్న భయంతో ఆపలేదు. ఆ చిన్న వెలుగు ఒక్కసారి ఊగి, రోడ్డు దిగిపోయింది. బండి ఆపి పరుగెత్తాము. కాలువలో ఎక్సెల్ బండి పడి ఉంది. పక్కనే మన సంఘపు పెద్దాయన, ఆయన భార్య. ఆమెకు మోకాళ్లు చెక్కుకుపోయాయి. ఆయనకు కుడి మణికట్టు విరిగింది. వారి అనుమతితోనే ఇది రాస్తున్నాము.

ఆస్పత్రికి తీసుకెళ్తుంటే దారిలో ఆయన అన్నమాట మమ్మల్ని ఇప్పటికీ వదలడం లేదు. "మీరని తెలియలేదు అయ్యగారూ. ఏదో లారీ అనుకున్నాను. కళ్లముందు అంతా తెల్లగా అయిపోయింది. వెలుతురే కనబడింది కానీ రోడ్డు కనబడలేదు."

ప్రతి ఆదివారం వెలుగును గూర్చి ప్రసంగించే మేము, మా మందలోని ఒక పెద్దాయన కళ్లకు చీకటి తెచ్చాము. బలమైన వెలుగు తగిలిన కంటికి మళ్లీ చూపు కుదురుకోవడానికి కొంత సమయం పడుతుంది, వయసు మీదపడిన కళ్లకు ఇంకా ఎక్కువ. ఆ కొద్ది క్షణాల్లోనే బండి కాలువలో పడింది. ఆయన పక్కకు కాక మా వైపు వచ్చి ఉంటే ముందుగా తగిలేది ఆ గార్డే. అది తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

మర్నాడు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మన సహోదరుడు మా ఇంటికి వచ్చాడు. గార్డు మీద చెయ్యి వేసి నెమ్మదిగా చెప్పాడు. "అయ్యగారూ, బండి ముందు భాగం నలగడానికే చేస్తారు. గుద్దుకున్నప్పుడు ఆ రేకు నలిగి దెబ్బను కొంత మింగుతుంది, అప్పుడు లోపలున్న మనిషికి తక్కువ తగులుతుంది. ఈ గార్డు నలగదు. దెబ్బను నేరుగా ఛాసిస్‌కు, అక్కడి నుంచి మనకు పంపిస్తుంది. ఎయిర్‌బ్యాగులున్న బండ్లలో అయితే అవి విచ్చుకునే లెక్క కూడా తప్పొచ్చు. ఇక బయట నడిచే మనిషి సంగతి మీరే ఆలోచించండి. రేకు తగలడం వేరు, ఇనుప పైపు తగలడం వేరు."

ఇంకో మాట కూడా చెప్పాడు. ఇవి బిగించడం 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుకు విరుద్ధమని, తీయించమని 2017 డిసెంబరులోనే కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ రాష్ట్రాలన్నిటికీ రాసిందట. రోడ్డు మీద ఎన్ని బండ్లకు ఉన్నా, అది తప్పు కాకుండా పోదు.

"మరి బిగించిన రోజే ఎందుకు చెప్పలేదు సహోదరుడా?" అని అడిగాము. ఆయన తల వంచుకున్నాడు. "మీరు ప్రార్థన చేసి ప్రతిష్ఠించారు కదండీ. ఇక నేనేం చెప్పను?"

ప్రియులారా, మా హృదయం విరిగింది అక్కడే. మా ప్రార్థన ఒక సహోదరుని నోరు మూసింది. తెలిసినవాణ్ణి అడగకుండా ముందే నిర్ణయించుకుని, దాని మీద దేవుని నామం పెట్టాము. అలా చేస్తే ఇక ఎవరు కాదనగలరు?

ఆ రాత్రి నిర్గమకాండము 21వ అధ్యాయం తీసి చదువుకున్నాము. పొడిచే ఎద్దును గూర్చిన ధర్మవిధి అక్కడ ఉంది. ఒంగోలు గిత్తలు పుట్టిన సీమలో మనకది వేరే వివరించనక్కర లేదు. ఎద్దు మొదటిసారి పొడిస్తే యజమాని మీద నేరం లేదు. కానీ అది పొడిచేదని ముందే తెలిసి, నీకు చెప్పి ఉండగా నువ్వు దాన్ని కట్టివేయకపోతే, ఆ రక్తానికి నువ్వే బాధ్యుడవు. దేవుడు అక్కడ ఎద్దు బలాన్ని తప్పు పట్టలేదు, దాన్ని వదిలేసిన యజమానిని లెక్క అడిగాడు. మా బండికి మేమే కొమ్ములు పెట్టాము. ఇప్పుడు మాకు చెప్పినవాడు కూడా ఉన్నాడు. ఇక తెలియదనడానికి లేదు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఇంకొక మాట ఉంది. కొత్త ఇల్లు కట్టుకుంటే పైన చుట్టూ పిట్టగోడ కట్టమన్నాడు. ఎందుకు? దొంగలు రాకుండా అని కాదు, మీదికి ఎక్కినవాడు ఎవడూ కింద పడకుండా. ఆ గోడ కట్టేది ఇంటివాడే, కాపాడేది మాత్రం ఇంటికి వచ్చినవాణ్ణి కూడా. మేము కట్టుకున్న గోడ మా లోపలివాళ్ల కోసమే, దానికి తగిలే బయటివాడు మాకు గుర్తు రాలేదు. నీ పొరుగువాణ్ణి గాయపరిచే భద్రత దేవుని దృష్టిలో భద్రత కాదు. మేము నేర్చుకున్నది ఈ ఒక్కటే.

సోమవారం గార్డు విప్పించాము. ఇనుప కొట్టువాడు రెండువేల మూడువందలు ఇస్తానన్నాడు. ఆ డబ్బు పెద్దాయన చేతి వైద్యానికి వెళ్తుంది, మిగతా ఖర్చు మా జీతంలో నుంచి పెట్టుకుంటాము, సంఘపు కానుకలో నుంచి కాదు. మేకపిల్లను అమ్మి ఇచ్చిన చెల్లెమ్మ దగ్గరికి వెళ్లి క్షమాపణ చెప్పి, ఆమె ఐదువందలు తిరిగి ఇవ్వబోయాము. తీసుకోలేదు. "తాతకు పండ్లు కొనండి అయ్యగారూ" అంది.

లైట్లు పారేయలేదు. బంపరు కిందికి దించి, వెలుగు రోడ్డు మీదే పడేలా వంచి పెట్టించాము. ఎదురుగా ఎవరైనా కనబడితే ఆపేయడం మా నియమం. పాస్టరమ్మ పక్కన కూర్చుంటే ఆ స్విచ్చి ఆమె చేతిలోనే ఉంటుంది.

మరి అడవిపందుల సంగతేమిటి? అవి వస్తూనే ఉంటాయి. దానికి మందు గార్డు కాదు, వేగం తగ్గించడం. వేగం రెట్టింపైతే, బ్రేకు పడ్డాక బండి ఆగడానికి పట్టే దూరం సుమారు నాలుగింతలవుతుంది. అందుకే రాత్రిపూట ఆ రోడ్డులో నలభై దాటము. గృహకూటములు కూడా ఇకనుండి అరగంట ముందే మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ముగిస్తాము. పొలం నుంచి ఆలస్యంగా వచ్చేవారికి ఇది కష్టమని మాకు తెలుసు. కొందరు నొచ్చుకున్నారు కూడా. దయచేసి సహించండి.

బండ్లున్న సహోదరులారా, ఈ వారం మీ బండి ముందు ఒకసారి నిలబడండి. లోపల కూర్చుని కాదు, ఎదుటి నుంచి నడిచి వచ్చేవాడిలా నిలబడి చూడండి. బండి లేనివారు కూడా, మన మాటతీరు ముందు, మన పెత్తనం ముందు, మన భక్తి ముందు అలాగే నిలబడి చూసుకోవాలి. మనల్ని కాపాడుకోవడానికి పెట్టుకున్నది ఎవరికి తగులుతోంది? మన వెలుగు ఎవరి కళ్లలో పడుతోంది? ఇంకొక మనవి. మేము ప్రార్థన చేసిన సంగతైనా సరే, తప్పు కనబడితే వచ్చి చెప్పండి. మాకు అదే మీరు చేసే మేలు.

ప్రార్థన: ప్రభువా, మా భయంలో మేము ఇతరులకు చేసిన గాయాలను క్షమించుము. పెద్దాయన చేతిని స్వస్థపరచుము. మాకు చెప్పేవారిని ఇచ్చినందుకు నీకు స్తోత్రము. మేము వినే చెవిగలవారమగునట్లు సహాయము చేయుము. మా దారిలో ఎదురయ్యే ప్రతి మనిషిని క్షేమముగా ఇల్లు చేర్చుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.