సన్నబడిన శని

ఈమధ్య ఎవరు ఏ ఫోటో పంపినా మనందరి నోటా వచ్చే మొదటి మాట "ఇది నిజం ఫోటోయేనా, ఏఐనా?" అని. మా ఫ్యామిలీ గ్రూపులో మా పిన్ని కాశీ నుంచి పంపిన గంగాహారతి ఫోటోకి కూడా ఇదే ప్రశ్న పడింది. పాపం, ఆవిడ చలిలో రెండు గంటలు నిలబడి మరీ తీసిందట!

మా ఇంట్లో మాత్రం ఈ ప్రశ్న శనిగ్రహం రూపంలో వచ్చింది.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. రెండేళ్ల కిందట మావారు ముచ్చటపడి సెకండ్ హ్యాండ్‌లో ఎనిమిది అంగుళాల టెలిస్కోప్ ఒకటి కొన్నారు. చూడ్డానికి అచ్చం పాతకాలం గీజరులా ఉంటుంది. ఆయన మోజు మూడు నెలల్లో తీరిపోయింది కానీ, పిల్లకి అంటుకుంది. కంటితో చూసేచోట చిన్న కెమెరా బిగించి, దాన్ని లాప్‌టాప్‌కి తగిలించి, డాబా మీద రాత్రి పదింటిదాకా కూర్చుంటుంది. తోడుగా దోమల చక్రం, ఫ్లాస్కులో పాలు, నేను.

హైదరాబాదులో ఇన్ని లైట్ల మధ్య ఏం కనిపిస్తుందని మీరనుకోవచ్చు. నేనూ అడిగాను. గురుడికీ శనికీ వీధిలైట్లతో పెద్దగా పేచీ లేదట, వాళ్ల వెలుగు వాళ్లకుంది. అసలు పేచీ గాలితో. ఎండాకాలం తారురోడ్డు మీద సెగ ఆడటం చూస్తాం కదా, పైన గాలి కూడా అలాగే ఆడుతూ ఉంటుంది. అందుకే గ్రహం నీళ్లలో వేసిన రూపాయి బిళ్లలా వణుకుతుంది. పక్క బిల్డింగు ఏసీల వేడి తగిలినా అంతే సంగతులు.

అందుకని వీళ్లు ఒక్క ఫోటో తీసి ఊరుకోరు. వీడియో తీస్తారు. సెకనుకి అరవై చొప్పున మూడు నిమిషాలు తీస్తే పదివేల పైచిలుకు ఫ్రేములు. గాలి ఒక్క క్షణం నిలకడగా ఉన్నప్పుడు పడ్డవి స్పష్టంగా ఉంటాయి, మిగతావి అలుక్కుపోయి ఉంటాయి. ఆటోస్టాకర్ట్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, దాన్ని రాసింది ఆకాశమంటే పిచ్చి ఉన్న మనిషే, ఉచితంగా ఇస్తాడు. అది ఆ పదివేలనీ చేటలో బియ్యం చెరిగినట్టు చెరిగి, మంచివి ఏరి, ఒకదానిమీద ఒకటి సరిగ్గా పేర్చి కలుపుతుంది.

"ఎందుకే ఇన్ని కలపడం?" అంటే ఒకరోజు విడమరిచి చెప్పింది. ఒక్కో ఫ్రేములోనూ కెమెరా వల్ల గరుకు గరుకుగా చుక్కలు పడతాయట. ఒక ఫ్రేములో ఒకచోట, ఇంకోదాంట్లో ఇంకోచోట. వేల ఫ్రేములు కలిపేసరికి అవి చెరిగిపోతాయి. గ్రహం మీద నిజంగా ఉన్న పట్టీ మాత్రం ప్రతి ఫ్రేములోనూ అదే చోట ఉంటుంది కాబట్టి నిలబడుతుంది. నాకు వెంటనే మా చుట్టాల పెళ్లి గొడవ గుర్తొచ్చింది. జరిగిందేమిటని పదిమందిని అడిగితే ఒక్కొక్కరూ తలా కాస్త మసాలా జోడించి చెప్పారు. పదిమందీ ఒకేలా చెప్పిన ముక్క ఏదో అదే జరిగింది కదా!

ఆ తర్వాత కాస్త పదును పెడతారు. ఇది ఉప్పు వేయడం లాంటిది. తక్కువైతే చప్పన, ఎక్కువైతే నోట పెట్టలేం. మోతాదు మించితే అంగారకుడి అంచు పక్కన లేని గీత ఒకటి పుట్టుకొస్తుందట. అందుకని చేసింది చెరిపి, మళ్లీ చేసి, నన్ను పిలిచి చూపించి, మళ్లీ చెరిపి... నా వంట కూడా ఇన్నిసార్లు రుచి చూసుకోను.

అలా పోయిన నవంబరులో ఒక శనిని తీసింది. లేత పసుపు ముత్యానికి అడ్డంగా సూది గుచ్చినట్టు ఉంది. ప్రింటు తీయించి హాల్లో పెడదామంటే మా అత్తయ్యగారు ససేమిరా అన్నారు. "మీ ఆయనది కుంభరాశి, ఏలినాటి శని నడుస్తోంది, చాలక గోడమీద కూడానా!" అని ఆవిడ బాధ. సరేనని పిల్ల గదిలో పెట్టుకుంది.

డిసెంబరులో స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్. ఆ ఫోటో పట్టుకెళ్లింది. చూడ్డానికి వచ్చిన నిర్ణేత ఒకాయన అరనిమిషం చూసి, "శనికి రింగు ఇంత సన్నగా ఉండదమ్మా, కంప్యూటర్లో చేసిందానికి ప్రైజు ఇవ్వం" అని ముందుకెళ్లిపోయారట. వెనకాల పిల్లలు నవ్వారు. ప్రైజు రాకపోతే పిల్లలు ఏడ్చి ఊరుకుంటారు. అబద్ధాలకోరు అనిపించుకుంటే ఏడవను కూడా ఏడవరు. మూడు వారాలు మా అమ్మాయి డాబా ఎక్కలేదు. టెలిస్కోప్ మీద నా పాత కాటన్ చీర కప్పేసింది.

నాకు కోపం రాలేదంటే అబద్ధం. ఎందుకంటే ఆ సన్నదనమే ఆ ఫోటోకి సాక్ష్యం. శని వంగి తిరుగుతాడు కాబట్టి సుమారు పదిహేనేళ్లకోసారి ఆయన వలయాలు మనకి అంచు వైపు నుంచి కనిపిస్తాయి. 2025 మార్చిలో అలా జరిగింది, నవంబరులో మళ్లీ దాదాపు గీతలా సన్నబడ్డాయి. పుస్తకంలో బొమ్మ చూసి చేసే పిల్లయితే పళ్లెంలా వెడల్పు వలయం పెట్టేది కదా! గెలీలియో అంతటివాడే 1610లో చూసి శని మూడు ముక్కలనుకున్నాడు. 1612లో చూస్తే పక్క ముక్కలు మాయం! తికమకపడిపోయాడు. అది వలయమని హైగెన్స్ 1659లో చెప్పేదాకా లోకానికి తెలియదు. కాబట్టి ఆ నిర్ణేతగారికి తెలియకపోవడం తప్పేం కాదు. ఒక్క ప్రశ్న అడగకుండా తీర్పు చెప్పడమే తప్పు.

అలాగని కంప్యూటర్ పని అంతా పవిత్రమని నేననను. ఒక ఫోన్ కంపెనీ చంద్రుడి ఫోటోల మీద 2023లో పెద్ద రగడ జరిగింది. ఒకాయన కావాలని మసకబార్చిన చంద్రుడి బొమ్మని కంప్యూటర్ తెరమీద పెట్టి ఆ ఫోన్‌తో తీస్తే, అందులో లేని గుంటలు కూడా వచ్చాయి! నెప్ట్యూన్ సంగతీ చూడండి. మన పుస్తకాల్లో ముదురు నీలం. 1989లో వాయేజర్-2 పంపిన బొమ్మల్లో మేఘాలు తెలియడానికి రంగు పెంచారు. అప్పుడు ఆ మాట చెప్పారు కూడా, కానీ రానురాను బొమ్మ మిగిలి మాట పోయింది. నిజానికి అది యురేనస్ లాగే లేత ఆకుపచ్చ నీలమని 2024లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు లెక్కగట్టి చెప్పారు.

పోనీ కంప్యూటర్ లేకుండా ఉత్త కంటినే నమ్ముదామా? పెర్సివల్ లోవెల్ అనే ఆయన టెలిస్కోప్‌లో స్వయంగా చూసి అంగారకుడి మీద కాలువలు గీశాడు. 1965లో మారినర్-4 దగ్గరికెళ్లి తీస్తే కాలువల్లేవు, గుంటలున్నాయి. మనసు కూడా గీతలు గీసేస్తుంది మరి.

అందుకే ఎవరు చూసినా అదే కనబడాలి. 2009 జులైలో ఆస్ట్రేలియాలో ఆంథొనీ వెస్లీ అనే కంప్యూటర్ ప్రోగ్రామర్ తన పెరటి టెలిస్కోప్‌తో తీసిన గురుడి మీద నల్లమచ్చ చూశాడు. అందరికీ చెప్పాడు. హవాయిలో నాసా టెలిస్కోప్ తిప్పి చూస్తే నిజంగానే ఏదో గుద్దుకున్న గాయం! ఆయనా ఇలా వీడియో ఫ్రేములు కలిపి, పదును పెట్టే బాపతే.

మా పుట్టింట్లో తాతయ్య ఫోటో ఉంది. నల్లకోటులో దర్జాగా ఉంటారు. ఆయన జన్మలో కోటు వేసుకోలేదు, పంచె, పైన కండువా అంతే. పోయాక గ్రూపు ఫోటోలోంచి మొహం తీసి స్టూడియోవాడు కోటు తొడిగాడు. మొహం ఆయనదే, కోటు ఎవరిదో. నా దృష్టిలో తేడా అంతా అక్కడే ఉంది. మజ్జిగ చిలికితే వచ్చిన వెన్న ఆ మజ్జిగలోదే. పైనుంచి డాల్డా వేసి వెన్న అంటే ఒప్పుకోం.

సంక్రాంతి సెలవులయ్యాక నేనూ, పిల్లా లాప్‌టాప్ పట్టుకుని స్కూలుకి వెళ్లాం. ప్రైజు అడగడానికి కాదని ముందే చెప్పాను. వాళ్ల ఫిజిక్స్ టీచరమ్మ లంచ్ బాక్సు పక్కన పెట్టి, వణికిపోతున్న ఆ అసలు వీడియో మొత్తం చూశారు. తర్వాత కలిపింది, ఆ తర్వాత పదును పెట్టింది, వరసగా చూశారు. "ఇవన్నీ పక్కపక్కన పెట్టి ఉంటే ఎవరూ మాట అనేవాళ్లు కాదు కదమ్మా, మనమైనా ముందే చూసుకోవాల్సింది" అన్నారు. క్లాసులో చూపించమన్నారు. ఫలితాలేం మారలేదు. కానీ ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో పిల్ల ఆపకుండా మాట్లాడింది. ఆ రాత్రి నా చీర నాకు తిరిగొచ్చింది.

ఇప్పుడు ప్రతి ఫోటో కింద తేదీ, సమయం, ఎన్ని ఫ్రేములు, ఏం చేసింది అన్నీ చిన్న చీటీ మీద రాసి అంటిస్తోంది. మొన్న ఒక పెళ్లిలో ఫోటోగ్రాఫరు దాని మొహాన్ని తెల్లగా చేసి చూపిస్తే, "ఇది నా మొహంలో లేదు కదండీ, ఎక్కణ్ణుంచి తెచ్చారు?" అని అడిగింది. ఆ అబ్బాయి తెల్లబోయాడు. మా ఆడపడుచు నావైపు చూసింది. నేను చూడనట్టు అక్షింతలు అందుకున్నాను.

శని వలయాలు మెల్లగా మళ్లీ విచ్చుకుంటున్నాయట. 2032 నాటికి బాగా వెడల్పుగా, పుస్తకంలో బొమ్మలా కనిపిస్తాయి. అప్పటికి మా అమ్మాయికి ఇరవై ఒకటి. అప్పుడు తీసే ఫోటోని చూసి అందరూ శనే అని ఒప్పుకుంటారు. నాకు మాత్రం ఎవరూ నమ్మని ఈ సూదిలాంటి శనే ముద్దు.