పసుపు పూల మీద తప్పుడు కేసు

ప్రొడక్షన్‌లో ఏదైనా కూలిపోతే మనం మొదట చేసే పనేమిటి? నిన్న రాత్రి కోడ్ చెక్-ఇన్ చేసినవాడెవడో చూసి వాడి మీద పడతాం. సగం సార్లు పాపం వాడి తప్పేమీ ఉండదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఈ సంగతి బాగానే తెలిసినా, ఇంటి పెరట్లో మాత్రం నేనూ అదే పని చేశాను. ఆ కథే ఇది.

మేముండేది న్యూజెర్సీలో. 2018లో ఈ ఇంట్లోకి వచ్చాం. పెరడు చివర, కంచె వారన, ఎవరూ నాటని మొక్కలు గుబురుగా ఉండేవి. సెప్టెంబరు వచ్చేసరికి మనిషెత్తు పెరిగి, పైన పసుపు కుచ్చులతో ఊగేవి. ఈ వైపు ఉండే మనవాళ్ళంతా వాటిని చూసే ఉంటారు, పేరు తెలియకపోయినా. హైవేల పక్కన, రైలు పట్టాల వెంట, ఎక్కడ చూసినా అవే. గోల్డెన్‌రాడ్ అంటారు.

మా ఆవిడది వరంగల్ వైపు, నాది గుంటూరు. పెళ్ళికి ముందు బతుకమ్మ గురించి నాకు తెలిసింది టీవీలో చూసిందే. ఇక్కడ తంగేడు ఎక్కడ దొరుకుతుంది అని దిగులుపడుతూ ఉండేది. ఆ ఏడు కిటికీలోంచి ఈ పూలు చూసి, "ఇవైతే మంచిగ సరిపోతయ్" అంది. రెండేళ్ళు తాంబాళంలో తంగేడు ఉండాల్సిన వరసలో గోల్డెన్‌రాడ్ పేర్చింది. దూరం నుంచి చూస్తే తేడా తెలిసేది కాదు.

2020 ఆగస్టు చివర్లో తనకి తుమ్ములు మొదలయ్యాయి. అప్పట్లో తుమ్మితేనే పక్కవాళ్ళు పది అడుగులు వెనక్కి జరిగే రోజులు కదా, ముందు కోవిడ్ పరీక్ష చేయించాం. కాదన్నారు. కళ్ళు ఎర్రబడటం, రాత్రిళ్ళు ముక్కు మూసుకుపోయి నిద్ర లేకపోవడం మాత్రం తగ్గలేదు. ఆఫీసులో ఒకాయన, "మీ ఇంటి దగ్గర గోల్డెన్‌రాడ్ ఉందా? అదే అయ్యుంటుంది" అన్నాడు. కిటికీలోంచి చూస్తే ఎదురుగా పసుపుపచ్చగా ముద్దాయి నిలబడి ఉంది! ఇంకేం ఆలోచిస్తాం? ఒక శనివారం పార తీసుకుని మొత్తం తవ్విపారేశాను. ఆ ఏడు బతుకమ్మకి కొట్లో బంతిపూలు కొనుక్కొచ్చాం. మా ఆవిడ ఏమీ అనలేదు గానీ, పేర్చేటప్పుడు రోజూ పాడుకునే పాట పాడలేదు.

2021లో తుమ్ములు ఇంకా ఎక్కువయ్యాయి.

ముద్దాయిని ఉరితీశాక కూడా నేరాలు జరుగుతుంటే ఏమనుకోవాలి? అప్పుడు వెళ్ళాం ఎలర్జీ డాక్టరు దగ్గరికి. చేతి మీద వరసగా చుక్కలు పెట్టి పరీక్ష చేసింది. ఒక చుక్క దగ్గర దద్దురు లేచింది. రాగ్‌వీడ్. "మరి గోల్డెన్‌రాడ్?" అంటే ఆవిడ నవ్వి, రోజూ ఎవరో ఒకరు ఇదే అడుగుతారంది.

సంగతేమిటంటే, పూలు రెండు రకాలుగా పని చేస్తాయి. రంగు, తేనె చూపించి తేనెటీగల్ని పిలిచేవి ఒక రకం. వాటి పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది, గాల్లో ఎక్కువ దూరం పోదు. గోల్డెన్‌రాడ్ ఈ రకం. రెండో రకానికి పురుగులతో పని లేదు, పుప్పొడిని గాలికి వదిలేస్తాయి. అలాంటప్పుడు అందంగా ఉండాల్సిన అవసరమేముంది? రాగ్‌వీడ్ పూలు ఆకుపచ్చగా, కొమ్మల చివర తలకిందులుగా వేలాడుతూ, అసలు పూలని కూడా అనిపించవు. ఒక్క మొక్క ఒక్క సీజనులో వంద కోట్ల దాకా పుప్పొడి రేణువులు వదలగలదట. రెండూ పూసేది ఒకే కాలంలో. కళ్ళకి కనిపించేది మాత్రం పసుపుది. అందుకని కేసు దాని మీద!

ఇంటికొచ్చి పెరట్లో వెతికాను. గోల్డెన్‌రాడ్ తవ్విన చోటే, మోకాలి ఎత్తున, సన్నగా చీలిన ఆకులతో ఒక మొక్క దట్టంగా అల్లుకుని ఉంది. ఆకు చూడగానే గుర్తుపట్టాను. అచ్చం మన వయ్యారిభామ! (కాంగ్రెస్ గడ్డి అంటే ఇంకొందరికి తెలుస్తుంది.) నిజంగానే ఈ రెండూ దగ్గరి చుట్టాలు. వయ్యారిభామ కూడా అమెరికా ఖండాలదే, 1950లలో పుణె దగ్గర గమనించాక దేశమంతా పాకింది. ఒకదాని పుప్పొడి పడనివాళ్ళకి రెండోది కూడా పడకపోవచ్చునట. మా ఆవిడ చదువుకునే రోజుల్లో ఊళ్ళో బీడు దాటి కాలేజీకి వెళ్తుంటే తుమ్ములొచ్చేవని అప్పుడు గుర్తు చేసుకుంది.

ఇంకా ఘోరం ఏమిటంటే, రాగ్‌వీడ్ ఏడాది బతికే మొక్క, దానికి తవ్విపోసిన ఖాళీ నేల కావాలి. గోల్డెన్‌రాడ్ ఏళ్ళ తరబడి బతుకుతూ, మట్టిలో పాకే కాండాలతో జాగా మొత్తం ఆక్రమించి, దానికి ఎండ తగలకుండా చేస్తుంది. నేను కాపలావాణ్ణి తీసేసి దొంగకి తలుపు తీశానన్నమాట. ఫిక్స్ అనుకుని వేసిన ప్యాచ్ బగ్‌ని ఇంకా పెంచింది :)

పొరపాటు రెండోసారి చేయకూడదని, మట్టిలో మిగిలిన ముక్కల నుంచి మళ్ళీ లేచిన పిలకలు నిజంగా ఏ జాతివో తేల్చుకోవాలని కూర్చున్నాను. ఫోనులో ఆప్ "సాలిడాగో" అని ప్రజాతి పేరు చెప్పి చేతులెత్తేసింది. తప్పు దానిది కాదు. ఈ ప్రజాతిలో నూటికి పైగా జాతులు, ఎక్కువ భాగం ఉత్తర అమెరికావే, పైగా చాలావరకు అన్నదమ్ముల్లా ఉంటాయి. భూతద్దం పట్టుకుని వరసగా చూసుకుంటూ వెళ్ళాను:

పూల గుత్తి పైన బల్లపరుపుగా ఉందా? ఉంటే అది గడ్డి ఆకుల గోల్డెన్‌రాడ్, ఇప్పుడు దాన్ని వేరే ప్రజాతిలో పెట్టారు. మాది కుచ్చులా వంగి ఉంది. కాండం నున్నగా ఉందా? ఉంటే జైగాంటియా. మాది కింది దాకా నూగు. ఆకు ముడతలు పడి, ఈనెలు వలలా ఉన్నాయా? ఉంటే రుగోసా. మా ఆకులో మూడు ఈనెలు పొడుగునా స్పష్టంగా ఉన్నాయి. మిగిలింది కెనడెన్సిస్, ఆల్టిసిమా జంట. ఈ రెండూ ఒకటేనని వాదించే వృక్షశాస్త్రజ్ఞులూ ఉన్నారు. కాండం అడుగు దాకా నూగు ఉంది కాబట్టి నేను ఆల్టిసిమాకి ఓటేశాను. ఒక కాండం మధ్యలో గోలీకాయంత బొడిపె కూడా కనిపించింది. ఒక ఈగ పిల్ల లోపల కాపురం పెట్టి, చలికాలమంతా గడ్డకట్టి కూడా చావకుండా ఉంటుంది. వడ్రంగిపిట్టలు ఆ బొడిపెలు పొడిచి దాన్ని తింటాయి. నేను తవ్విపారేసింది పిచ్చిమొక్కల్ని కాదు, ఒక అపార్ట్‌మెంటునే!

ఇక్కడ మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. "స్థానిక మొక్క" అనేది మంచితనానికి సర్టిఫికెట్ కాదు. ఈ గోల్డెన్‌రాడే చైనాలో, జపాన్‌లో, ఐరోపాలో పొలాల మీద పడి తరిమినా పోని కలుపు. మరి తుమ్మించే రాగ్‌వీడ్ కూడా ఈ నేల మీద పుట్టిందే. మొక్క ఎక్కడిది అన్నదొక్కటే కాదు, ఏది ఎక్కడ ఏం చేస్తోంది అని దగ్గరికెళ్ళి చూడాలి. నేను చూడకుండానే తీర్పిచ్చేశాను.

రాగ్‌వీడ్‌ని పూత రాకముందే వేళ్ళతో సహా పీకుతున్నాను. దాని పుప్పొడి మైళ్ళ దూరం నుంచి కూడా వస్తుంది కాబట్టి మా పెరడు శుభ్రం చేస్తే తుమ్ములన్నీ పోవు. డాక్టరిచ్చిన మందు ఆగస్టు మధ్యలోనే మొదలుపెడుతుంది. ఇప్పుడు రాత్రిళ్ళు నిద్రపోతోంది, అది చాలు.

గోల్డెన్‌రాడ్ ముట్టుకుంటే కొందరికి ఒళ్ళు దురద పెట్టొచ్చు, కొంచెం చూసుకోండి అంది డాక్టరు. ఆ మాటకొస్తే బంతి, చామంతి కూడా ఆ కుటుంబమే, వాటిని రెండేళ్ళుగా పేరుస్తూనే ఉందిగా! 2022లో మొక్కలు మళ్ళీ నడుమెత్తు లేచి పూశాయి. ఎంగిలిపూల రోజు పొద్దున్నే నేనే కత్తెర పట్టుకెళ్ళి ఒక ఒడినిండా కోసుకొచ్చి వంటింటి గట్టు మీద పెట్టాను.

మా ఆవిడ పూలవంక చూసి, నావంక చూసి, "ఆ రోజు అడిగితే నేను చెప్తుంటి కదా, ఇవి పెట్టిన రెండేండ్లు నాకేం కాలేదని" అంది.

నిజమే. అడగలేదు. లాగ్స్ అన్నీ ఇంట్లోనే ఉన్నాయి, నేనే తెరిచి చూడలేదు.

ఆ సాయంత్రం మాత్రం పాట వినిపించింది.