మొక్కలకు బయానా ఇచ్చేముందు

ఏమండీ వదినగారూ, ఆ బట్టలు ఆరేయడం అయ్యాక ఒక్క నిమిషం గోడ దగ్గరికి రండి. మీ తమ్ముడు మీ పుట్టింటి రేగడి చేలో బత్తాయి తోట పెడతానంటున్నాడటగా? అనంతపురం తోటలు చూసొచ్చి ముచ్చటపడ్డాడన్నమాట. ముచ్చట మంచిదే గానీ, అక్కడ ఆ కాపు వచ్చింది ఎర్రనేల చలవ వల్లనండీ. మొక్కల్ని లారీలో తెచ్చుకోవచ్చు, నేలను తెచ్చుకోలేం కదా!

రేగడి బలమైన నేల, ఏం వేసినా పండుతుందనుకుంటారు. బలం మాట నిజమే. అందులో బంకమన్ను పాలెక్కువ. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోయి నెర్రెలిస్తుంది. వేసవిలో మీ చేలో చెయ్యి దూరేంత నెర్రెలు మీరు చూసే ఉంటారు. పట్టుకున్న తేమను మాత్రం ఓ పట్టాన వదలదు. అందుకే కర్నూలు, ప్రకాశం వైపు వానలు వెనకబట్టాక అక్టోబరు, నవంబరుల్లో శనగ విత్తి, చాలామంది ఆ పదునుతోనే పంట తీస్తారు. గుంటూరు పత్తికీ, మిరపకీ పేరు తెచ్చిందీ ఆ నేలే.

బత్తాయి సంగతి వేరండీ. దాని వేళ్లకు గాలి ఆడాలి. ముసురు పట్టి చేలో నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది. అడుగున సున్నం పొర ఉందంటే ఇంకో తంటా. చెట్టుకు ఇనుము అందక లేతాకు పసుపు తిరుగుతుంది, ఈనెలు మాత్రం పచ్చగానే ఉంటాయి. నీళ్లు చాలలేదేమోనని ఇంకో తడి పెడితే జబ్బు ముదురుతుంది. ఎర్రనేలలో నీరు ఇంకిపోతుంది గనకే అనంతపురంలోనూ, నల్గొండలోనూ బత్తాయి కుదురుకుంది.

వేరుశనగనే చూడండి. పువ్వు పైన పూస్తుంది, ఊడ భూమిలోకి దిగి కాయవుతుంది. నేల గుల్లగా ఉంటేనే ఊడ దిగేది. ఎర్ర చెలకలో మొక్క మొదలు పట్టుకుని లాగితే కాయలన్నీ గుత్తిగా పైకొస్తాయి, ఒక్క దులుపు దులిపితే మట్టి రాలిపోతుంది. ఎండిన రేగడిలో లాగితే కట్టె చేతికొస్తుంది, కాయలు లోపలే ఉండిపోతాయి. అలాగని ఎర్రనేలకు లోటు లేదనను. తేమ నిలవదు, నత్రజని తక్కువ. పశువుల ఎరువో, చెరువు మట్టో తోలుతూ ఉండాలి. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక చెరువుల్లో తీసిన పూడిక మట్టిని రైతులు చేలకు తోలుకున్నది అందుకే.

ఇక కృష్ణా, గోదావరి డెల్టాల ఒండ్రు నేలల్లో మడి కట్టి నీరు నిలబెడితేనే వరి. బత్తాయి ప్రాణం తీసే నీళ్లే వరికి ప్రాణం! చౌడు నేలను కూడా పనికిరాదని వదిలేయక్కర్లేదు. తెల్లగా ఉప్పు పేరే పాలచౌడైతే మంచినీళ్లు నిలగట్టి, ఉప్పు కడిగి మురుగు కాలువలోకి వదలాలి. కారుచౌడైతే ముందు జిప్సం వేయాలి. ఆ పైన జీలుగ చల్లి పూతకు రాగానే కలియదున్నితే నేల తేరుకుంటుంది.

అందుకని మీ తమ్ముడికి ఇవాళే ఫోన్ చేయండి. పైర్లకైతే పొలంలో ఎనిమిది, పది చోట్ల జానెడు లోతు మట్టి తీసి కలిపి, అందులోంచి అరకిలో పరీక్షకిస్తే సరిపోతుంది. గట్ల పక్కనా, చెట్ల కిందా, ఎరువు కుప్పలు వేసినచోటా తీయకూడదు. పండ్లతోటకు అది చాలదండీ. ఆరడుగుల గొయ్యి తవ్వించి, ఏ లోతు మట్టి ఆ లోతుకు విడిగా సంచీలో కట్టి పంపాలి. సున్నం ఎంతుందో, నీరు దిగుతుందో లేదో అప్పుడు గానీ తేలదు.

పత్తి తప్పితే ఒక్క ఏడాది పోతుంది, మరుసటి ఏడు ఇంకోటి వేసుకోవచ్చు. బత్తాయి కాపు చూడాలంటేనే నాలుగైదేళ్లు పడుతుంది. నేల సరిపడలేదని అప్పుడు తెలిస్తే పెట్టిన డబ్బూ, పడ్డ కష్టమూ ఎవరు తిరిగిస్తారు? మొక్కలకు బయానా ఇచ్చేలోపే ఆ గొయ్యి తవ్వించమనండి. మట్టి సరేనంటే తోట నిక్షేపంగా పెట్టుకోమనండి. కాదంటే మాత్రం శనగా, మిరపా ఉండనే ఉన్నాయి, ఆ నేలకు అవే సిరి.