సూత్రంలో ఆ రెండు ఎక్కడిది?

ఇంటర్ ప్రాక్టికల్స్ దగ్గరపడ్డ రోజులవి. గోదావరి జిల్లాలో ఓ ప్రభుత్వ జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌కు వెళ్లాను. స్టాండుకు బిగించిన బ్యూరెట్‌లో హైడ్రోక్లోరిక్ ఆమ్లం. కింద కోనికల్ ఫ్లాస్కులో 20 మిల్లీలీటర్ల సోడియం కార్బొనేట్ ద్రావణం, గాఢత 0.05 మోలార్. ఆమ్లం గాఢత కనుక్కోవాలి.

మేడమ్ ఎక్కువసేపు చెప్పింది కడగడం గురించే. బ్యూరెట్‌ను ఆమ్లంతోనూ, పిపెట్‌ను కార్బొనేట్‌తోనూ తొలవాలి. లేకపోతే లోపలి తడి ద్రావణాన్ని పలచన చేస్తుంది. ఫ్లాస్కుకు మాత్రం స్వేదనజలమే. అందులో నీళ్లు మిగిలినా నష్టం లేదు, కార్బొనేట్ మిగిలితే లెక్క తప్పుతుంది. ఈ తేడా ఎందుకో చెప్పగలిగిన పిల్లలకు సగం మార్కులు అక్కడే వేసేయొచ్చు.

మిథైల్ ఆరెంజ్ రెండు చుక్కలు పడగానే ద్రావణం పసుపెక్కింది. 19 దాటాక ఆమ్లాన్ని చుక్కచుక్కగా వదిలారు. చుక్కంటే సుమారు 0.05 మి.లీ. 19.6 దగ్గర పసుపు పోయి లేత ఎరుపు తేలింది. పక్క బల్ల వాళ్లు ఒక్కసారి చేసి, మూడు రీడింగులూ 19.6 అని రాసేశారు. మేడమ్ చూసి, ఏమీ అనకుండా బ్యూరెట్ మళ్లీ నింపించారు.

"ఫినాఫ్తలీన్ వేస్తే ఏమవుతుంది మేడమ్?" అందో అమ్మాయి.

"వేసి చూడమ్మా."

ఈసారి ఫ్లాస్కు గులాబీ రంగుకు తిరిగింది. ఆమ్లం పడేకొద్దీ ఆ రంగు మెల్లగా వెలిసి, 9.8 ప్రాంతంలో పూర్తిగా పోయింది. "సగానికే అయిపోయిందేంటి?" అన్నాడు వెనకనుంచి ఒకబ్బాయి. మేడమ్ అదే ఫ్లాస్కులో మిథైల్ ఆరెంజ్ వేయించి, ఆపకుండా కానివ్వమన్నారు. మళ్లీ 19.6 దగ్గరే ఎరుపు!

కార్బొనేట్ ఆమ్లం నుంచి ప్రోటాన్లను ఒకదాని తర్వాత ఒకటి తీసుకుంటుంది. మొదటిది అందాక బైకార్బొనేట్ అవుతుంది; అప్పుడు పీహెచ్ 8.3 దరిదాపుల్లో ఉంటుంది, ఫినాఫ్తలీన్ రంగు కోల్పోయేదీ అక్కడే. రెండోదీ అందితే కార్బొనిక్ ఆమ్లం. పీహెచ్ 4 దాకా దిగుతుంది. అది మిథైల్ ఆరెంజ్‌కే తెలుస్తుంది. దాని రంగు మారేది 4.4, 3.1 మధ్య మరి.

ఆమ్లం గాఢతకు పిల్లలు వేసిన లెక్క ఇదీ: 2 × 0.05 × 20 ÷ 19.6, అంటే 0.102 మోలార్. ముందున్న 2ను వాళ్లు అంతవరకూ బట్టీపట్టి రాసేవాళ్లే. ఆ పూట మాత్రం మేడమ్ అడిగితే, అమ్మాయి బ్యూరెట్ మీద 9.8 గీతను చూపించింది.